ఫోనులో పెట్టే రూపాయికి లెక్క ఉండాలి

డబ్బు చెల్లించదగిన యాప్‌లు ఏవి? చెల్లించనక్కరలేనివి ఏవి?

రమజాన్ సమీపించే కొద్దీ మా మద్రసాకు పిల్లలను పంపే తల్లిదండ్రుల నుంచి ఒక ప్రశ్న తరచుగా వస్తున్నది. “మౌల్వీ సాబ్, నమాజు వేళల యాప్ ఏడాదికి ఇంత అడుగుతున్నది, కట్టమంటారా? అబ్బాయి హిఫ్జ్ చేస్తున్నాడు, ఖుర్ఆన్ వినిపించుకునే యాప్ ఒకటి ఉందట, కొనమంటారా?” పదేళ్ళ క్రితం ఇదే ఇళ్ళలో ఫోను చేతబట్టుకోవాలా వద్దా అనే చర్చ నడిచేది. ఇప్పుడు వేమూరులోనైనా, తెనాలిలోనైనా, రేపల్లెలోనైనా ఆ చర్చ ముగిసిపోయింది. మిగిలింది లెక్క. నెల జీతంలో నుంచి, దుకాణం గల్లాపెట్టెలో నుంచి, గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ములో నుంచి ఫోనుకు ఎంత పోవాలి, దేనికి పోవాలి అన్నదే నేటి ప్రశ్న.

ఈ విషయంలో మన సమాజంలో రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. కంటికి కనిపించని వస్తువుకు డబ్బు కట్టడమే తెలివితక్కువ అన్నది మొదటిది. “మొదటి నెల ఉచితం” అన్న మాట చూడగానే వేలు నొక్కేసి తరువాత మరచిపోవడం రెండవది. రెండూ సరికావు. యాప్ ఒక పనిముట్టు. దాని తయారీ వెనుక ఒకరి శ్రమ ఉంటుంది, దాన్ని నడిపించడానికి నెలనెలా ఖర్చు ఉంటుంది. ప్రయోజనానికి న్యాయమైన వెల చెల్లించడం హలాల్ వర్తకమే. అక్కర లేనిదానికి చెల్లించడం మాత్రం దుబారా, అంటే ఇస్రాఫ్. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో చూద్దాం.

ఉచితం అన్నదాని వెల

వాట్సాప్ 2009లో మొదలైన తరువాత కొంతకాలం ఏడాదికి ఒక డాలరు అడిగేది. 2014లో ఫేస్‌బుక్ సంస్థ దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొన్నది. 2016 జనవరిలో ఆ డాలరు చందాను కూడా తీసివేశారు. ఒక్క డాలరు కూడా తీసుకోని వస్తువును అన్ని కోట్లు పోసి కొన్నారంటే ఆ రాబడి మరో దారిన వస్తుందని గ్రహించడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఉచిత యాప్‌లలో అధికభాగానికి ప్రకటనలే జీవనాధారం. కొన్నింటికి అంతకన్నా లోతైన ఆదాయమార్గం ఉంటుంది. అది మన సమాచారం.

ఈ మాట మన ఇళ్ళకు ఎంత దగ్గరిదో 2020 నవంబరులో తెలిసింది. నమాజు వేళలు, ఖిబ్లా చూపే యాప్‌లలో ప్రపంచమంతటా అత్యధికంగా వాడుకలో ఉన్నది ముస్లిం ప్రో. అప్పటికి దాన్ని 9 కోట్ల 80 లక్షలకు పైగా సార్లు ఫోనులలోకి దింపుకున్నారు. ఆ యాప్ సేకరించిన, వాడకందారుల సంచార స్థలాల వివరాలు ఎక్స్‌మోడ్ అనే అమెరికా వ్యాపార సంస్థకు చేరుతున్నాయనీ, అక్కడి నుంచి అమెరికా సైన్యానికి పనిచేసే గుత్తేదారులకు చేరుతున్నాయనీ మదర్‌బోర్డ్ అనే పత్రిక బయటపెట్టింది. ఎక్స్‌మోడ్‌తో సంబంధం తెంచుకుంటున్నట్లు ముస్లిం ప్రో వెంటనే ప్రకటించింది. అదే డిసెంబరులో ఆపిల్, గూగుల్ సంస్థలు ఎక్స్‌మోడ్ కోడ్‌ను తమ దుకాణాల యాప్‌ల నుంచి తొలగించాలని ఆదేశించాయి. 2024 జనవరిలో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఆ వ్యాపారి సున్నితమైన సంచార వివరాలను అమ్మకూడదని నిషేధం విధించింది. 2022లో అల్ మోఅజ్జిన్ అనే మరో నమాజు యాప్‌ను కూడా రహస్యంగా సమాచారం సేకరించే కోడ్ ఉన్నదన్న కారణంతో గూగుల్ తన దుకాణం నుంచి కొంతకాలం తొలగించింది.

ఏ మస్జిదుకు వెళుతున్నాము, ఏ వేళకు వెళుతున్నాము, రాత్రి ఎక్కడ నిద్రిస్తున్నాము అన్నవి సంతలో అమ్ముడుపోయే సరుకు అవుతాయని ఆ యాప్ తెరిచిన ముసలివారిలో ఎందరికి తోచి ఉంటుంది?

ఇంకొక ఉదాహరణ. కాగితాలను ఫొటో తీసి పత్రంగా మార్చే క్యామ్‌స్కానర్ యాప్ ఉచిత రూపంలో, ప్రకటనల కోసం చేర్చిన కోడ్‌లో హానికరమైన భాగం దాగి ఉన్నదని 2019 ఆగస్టులో కాస్పర్‌స్కీ సంస్థ కనిపెట్టింది. డబ్బు కట్టి తీసుకునే రూపంలో ప్రకటనల కోడే లేదు కనుక ఆ హాని కూడా లేదు. ఇక్కడ వెల చెల్లించినవారు క్షేమంగా ఉన్నారు. అయితే కథ అక్కడితో ఆగలేదు. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో అదీ ఒకటి. డబ్బు కట్టడం కొన్ని ప్రమాదాల నుంచి కాపాడుతుంది, అన్నింటి నుంచీ కాదు అన్నది దీని సారాంశం.

నమాజు వేళలకు కావలసింది డబ్బు కాదు, సరైన అమరిక

నమాజు వేళలు చూపడానికి యాప్‌కు కావలసినవి మూడే: మన ఊరి అక్షాంశ రేఖాంశాలు, తేదీ, లెక్కించే పద్ధతి. ఇది సూర్యగమనపు గణితం. వెయ్యేళ్ళుగా మన పండితులకు తెలిసిన గణితం. ఇందుకోసం ఏటా చందా కట్టవలసిన అవసరం లేదు. ప్రకటనలు లేకుండా, సమాచారం అమ్మకుండా ఉచితంగా నడిచే పిల్లర్స్ వంటి యాప్‌లు ఉన్నాయి. అసలు జాగ్రత్త పడవలసింది అమరికల దగ్గర.

మొదటిది ఊరు. వేమూరు రేఖాంశం సుమారు 80.7 డిగ్రీల తూర్పు. హైదరాబాదుది సుమారు 78.5. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల తేడా. అంటే హైదరాబాదు కన్నా మనకు సూర్యుడు సుమారు 9 నిమిషాలు ముందు ఉదయిస్తాడు, ముందే అస్తమిస్తాడు. చాలా ఫోనులలో ఊరి పేరు అడిగినప్పుడు హైదరాబాదు అని నొక్కి ఊరుకుంటారు. ఆ లెక్కతో సహ్రీ ముగించేవారు ఇక్కడ ఫజ్ర్ ప్రవేశించిన 9 నిమిషాల వరకు తింటూనే ఉంటారు.

రెండవది పద్ధతి. మన దేశంలో అధికంగా అనుసరించే కరాచీ పద్ధతిలో సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల దిగువన ఉన్నప్పుడు ఫజ్ర్ మొదలవుతుంది. ఉత్తర అమెరికా పద్ధతిలో అది 15 డిగ్రీలు. ఈ 3 డిగ్రీల తేడా మన అక్షాంశంలో సుమారు 12 నిమిషాలు. యాప్ దానంతట అదే విదేశీ పద్ధతిని ఎంచుకుని, దానికి హైదరాబాదు కూడా తోడైతే, సహ్రీ 20 నిమిషాలకు పైగా ఆలస్యంగా ముగుస్తుంది. నెలంతా శ్రద్ధగా ఉన్న ఉపవాసాలు ఒక్క అమరిక వల్ల సందేహంలో పడతాయి. వేల రూపాయల యాప్ అయినా ఈ తప్పును తనంతట తాను దిద్దదు.

మూడవది అస్ర్. హనఫీలమైన మనం వస్తువు నీడ, మిట్టమధ్యాహ్నపు నీడను మినహాయించి, దానికి రెండింతలైనప్పుడు అస్ర్ వేళ మొదలవుతుందని పాటిస్తాము. చాలా యాప్‌లు ఒకింత నీడ లెక్కతో వస్తాయి. రెండింటికీ గంటకు అటు ఇటుగా వ్యత్యాసం ఉంటుంది. అమరికలలో “హనఫీ” అని ఎంచుకుంటే చాలు.

యాప్ సరిగా ఉన్నదో లేదో తేల్చుకునే తేలిక మార్గం ఒకటి చెబుతాము. వేమూరు ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వచ్చే సమయం ఏడాది పొడవునా సగటున 12 గంటల 7 నిమిషాలు. నవంబరు తొలి దినాలలో అది 11:51కి జరుగుతుంది, ఫిబ్రవరి నడుమ 12:21కి జారుతుంది. యాప్ చూపే జవాల్ దీనితో సరిపోలకపోతే అది వేరే ఊరి లెక్క చూపుతున్నదన్నమాట. అంతిమంగా మన మస్జిదులో వేలాడే వేళల పట్టికే ప్రమాణం. యాప్‌ను దానికి సరిచూసుకోవాలి.

ఖిబ్లా యాప్‌కు అసలే డబ్బు పెట్టనక్కరలేదు. వేమూరు నుంచి మక్కా సుమారు 4,300 కిలోమీటర్ల దూరంలో, సూటి పడమరకు 14 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నది. దిక్సూచి మీద 284 డిగ్రీలు. ఇనుప బీరువా పక్కన, అయస్కాంతం ఉన్న ఫోను కవరు లోపల ఏ యాప్ దిక్సూచి అయినా తప్పు చూపుతుంది. కాబాకు దూరాన ఉన్నవారికి ఆ దిశ చాలునని, 45 డిగ్రీలలోపు మళ్ళింపు నమాజును చెడగొట్టదని హనఫీ ఫుఖహా చెప్పి ఉన్నారు. అంతకన్నా నిక్కచ్చిగా తెలుసుకోవాలనుకునేవారికి ఏడాదికి రెండుసార్లు సూర్యుడే ఉచితంగా దారి చూపుతాడు. మే 28 ప్రాంతంలో మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం 2:48కి, జులై 16 ప్రాంతంలో 2:57కి సూర్యుడు సరిగ్గా కాబా నెత్తిన ఉంటాడు. ఆ క్షణాన ఎండలో నిటారుగా నాటిన కర్ర నీడ ఎటు పడుతుందో చూసి, దానికి సరిగ్గా ఎదురుదిక్కుకు తిరిగితే అదే ఖిబ్లా.

జకాత్ లెక్కల యాప్‌లూ అంతే. వెండి నిసాబ్ 52.5 తులాలు, అంటే 612.36 గ్రాములు, బంగారానిది 7.5 తులాలు, 87.48 గ్రాములు, చెల్లించవలసింది 2.5 శాతం. నాటి ధర, ఒక కాగితం, ఒక కలం సరిపోతాయి. చిక్కు ప్రశ్నలు ఉంటే ఆలిమ్‌ను అడగాలి. యాప్‌ను కాదు.

దివ్య ఖుర్ఆన్ యాప్‌లు: ఏది కొనదగినది?

ఖుర్ఆన్ మూలం చదవడానికి, ప్రముఖ ఖారీల పారాయణం వినడానికి, అనువాదం చూడడానికి డబ్బు పెట్టవలసిన పని లేదు. ఖుర్ఆన్ డాట్ కామ్ వారి యాప్, కింగ్ సౌద్ విశ్వవిద్యాలయం వారి ఆయత్ ప్రకటనలు లేకుండా ఉచితంగా లభిస్తున్నాయి. ఖుర్ఆన్ డాట్ కామ్‌లో తెలుగు అనువాదమూ ఉన్నది. ఈ సంగతి మా ప్రాంతానికి ముఖ్యం. ఇక్కడి నూర్‌బాషా కుటుంబాలలో అధికులకు తెలుగే ఇంటిభాష, ఉర్దూ లిపి రాదు. ఉర్దూ వివరణలు నిండిన యాప్ ఎంత గొప్పదైనా వారికి మూసిన పుస్తకమే.

తెలుగు లిపిలో అరబీ ఉచ్చారణ రాసి అమ్మే యాప్‌లను మాత్రం కొనవద్దని మా మనవి. సీన్, సాద్, సా అనే మూడు అక్షరాలూ తెలుగులో “స” గానే మిగులుతాయి. జాల్, జా, దాద్‌ల సంగతీ ఇంతే. నాలుక వెనుక నుంచి పలికే ఖాఫ్‌తో “ఖల్బ్” అంటే హృదయం. మామూలు కాఫ్‌తో “కల్బ్” అంటే కుక్క. లిపి చూసి నేర్చుకున్నవాడికి ఈ తేడా చెవిన పడదు. ఆ డబ్బు, ఆ సమయం నూరానీ ఖాయిదా మీద, ఊరి ఉస్తాద్ ముందు కూర్చోవడం మీద పెట్టడం మేలు.

డబ్బు చెల్లించదగినది ఈ వరుసలో మాకు ఒకటి కనిపించింది. పారాయణం విని తప్పు పట్టుకునే యాప్. తర్తీల్ అనే యాప్ మన గొంతు వింటూ ముస్హఫ్‌లో పదం వెంట పదం నడుస్తుంది. చందా కట్టినవారికి జారిపోయిన పదాన్ని, మారిపోయిన పదాన్ని ఎత్తిచూపుతుంది. హిఫ్జ్ చేసే పిల్లవాడికి కొత్త సబఖ్ కన్నా కష్టమైనది పాత పాఠం నిలుపుకోవడం, మేము ఆముఖ్తా అనేది. ఉస్తాద్ ఒక్కడు, పిల్లలు ఇరవై మంది. ప్రతి ఒక్కరి పాత జుజ్‌లనూ రోజూ వినే వ్యవధి ఉండదు. ఇంట్లో హాఫిజ్ లేని పిల్లవాడికి రాత్రివేళ వినిపించుకోవడానికి మనిషి దొరకడు. ఆ లోటును ఈ పనిముట్టు కొంత తీరుస్తుంది.

దీనికి రెండు షరతులు ఉన్నాయి. అది పదాన్ని పట్టుకుంటుంది కాని అక్షరం ఏ స్థానం నుంచి పలకాలో నేర్పదు. మఖ్రజ్, తజ్వీద్ ఉస్తాద్ నోటి నుంచి విద్యార్థి చెవికి చేరవలసిన విద్యలు. ఇక రెండవ షరతు చందా కాలానిది. హిఫ్జ్ సాగే సంవత్సరాలకు, లేదా తరావీహ్‌కు సిద్ధమయ్యే నెలలకు మాత్రమే కట్టాలి. పని తీరాక కొనసాగనివ్వకూడదు.

పిల్లల చదువు

చదువు యాప్‌ల పేరుతో మన రాష్ట్రంలో ఇళ్ళనుంచి చాలా సొమ్ము పోయింది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకుని, ఆ ఏడాది డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకు పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచింది. దేశంలో అంత పేరు పొందిన ఆ సంస్థ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. సంస్థ మంచిచెడ్డల విచారణ మా పని కాదు. తల్లిదండ్రులు గ్రహించవలసింది ఒక్కటే: రెండు మూడేళ్ళ పాఠాలకు ముందుగా పెద్ద మొత్తం కట్టవద్దు. ఇక అప్పు చేసి, వాయిదాల మీద వడ్డీతో కట్టడం మనకు బొత్తిగా తగదు. ఏ యాప్‌కైనా నెలకు నెల కట్టి, పిల్లవాడు నిజంగా వాడుతున్నాడని చూసిన తరువాతే గడువు పెంచాలి.

దానికన్నా ముందు ఉచితంగా ఉన్నవాటిని పూర్తిగా వాడుకున్నామా అని అడుగుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన దీక్షా యాప్‌లో తెలుగులోనూ పాఠాలు ఉన్నాయి. పాఠ్యపుస్తకంలోని గళ్ళ గుర్తును ఫోనుకు చూపితే ఆ పాఠం తెరుచుకుంటుంది. ఖాన్ అకాడమీ లాభాపేక్ష లేని సంస్థ. గణితం మొదటి మెట్టు నుంచి ఉచితంగా నేర్పుతుంది. చిన్నపిల్లల కోసం వారు తయారుచేసిన ఖాన్ అకాడమీ కిడ్స్‌లో ప్రకటనలు కూడా లేవు. పై చదువులవారికి స్వయం, ఎన్‌పీటీఈఎల్ ఉన్నాయి. పిల్లలు ఫోను ఎంతసేపు చూస్తున్నారో, ఏ యాప్ దింపుకుంటున్నారో నియంత్రించే గూగుల్ ఫ్యామిలీ లింక్ కూడా ఉచితమే. ఆ పనికి వేరే యాప్ కొననక్కరలేదు.

ఇంటికి, వ్యవసాయానికి, వ్యాపారానికి

మా ప్రాంతం కృష్ణా పశ్చిమ డెల్టా. వరి కోసి కళ్ళంలో ఆరబోసినప్పుడు, పసుపు ఉడికించి ఎండబెట్టినప్పుడు ఒక్క వాన చాలు, ఏడాది శ్రమ తడిసిపోతుంది. వాతావరణ యాప్‌లు చందా అడుగుతున్నాయని కొందరు రైతు సోదరులు చెప్పారు. వాతావరణ శాఖ, వ్యవసాయ పరిశోధన మండలి కలిసి నడిపే మేఘదూత్ జిల్లాల వారీ సూచనలను ప్రాంతీయ భాషలలో ఉచితంగా ఇస్తుంది. పిడుగుల హెచ్చరికకు దామిని ఉంది. ఇవి రెండూ ఫోనులో ఉండగా వేరే చందా వృథా.

ధ్రువపత్రాలు భద్రపరచుకోవడానికి డిజిలాకర్ ఉచితం. ఆదాయ, కుల ధ్రువపత్రాల వంటి సేవలకు రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా మన మిత్ర ప్రారంభించింది. మొదటి విడతలోనే 161 సేవలు చేర్చింది. ఉపకారవేతనం ఇప్పిస్తామని, పత్రం తెప్పిస్తామని చెప్పి రుసుము గుంజే ప్రైవేటు యాప్‌ల జోలికి పోవద్దు. ఫోనును శుభ్రం చేస్తాం, వేగం పెంచుతాం, బ్యాటరీ నిలుపుతాం అనే యాప్‌లకూ డబ్బు కట్టనక్కరలేదు. ఫోను తయారీదారు ఆ పనులు ముందే లోపల అమర్చి ఇచ్చాడు.

అయితే డబ్బు పెట్టడం న్యాయమనిపించేవి కూడా కొన్ని ఉన్నాయి.

మొదటిది భద్రంగా దాచుకునే చోటు. గూగుల్ ఫొటోస్‌లో 2021 జూన్ 1 వరకు పరిమితి లేకుండా దాచుకునే వీలుండేది. ఇప్పుడు అన్నీ కలిపి 15 జీబీ మాత్రమే ఉచితం. 100 జీబీకి మన దేశంలో నెలకు 130, ఏడాదికి 1,300 రూపాయలుగా ఉన్న ప్రణాళికను కుటుంబంలో మరో ఐదుగురితో పంచుకోవచ్చు. ఆరుగురు పంచుకుంటే తలకు ఏడాదికి 217 రూపాయలు. ఫోను కాలువలో పడినా, బస్సులో పోయినా దుకాణం లెక్కలు, భూమి పత్రాల ఫొటోలు, గతించిన తల్లిదండ్రుల గొంతు నిలిచి ఉంటాయి. ఇవన్నీ ఒక్క ఫోనులోనే ఉన్న కుటుంబానికి ఆ వెల ఎక్కువ కాదు.

రెండవది ప్రకటనల బెడద తప్పించుకోవడం. పిల్లలు యూట్యూబ్‌లో పారాయణం వింటూ ఉండగా మధ్యలో పందేల ఆటల ప్రకటన, సిగ్గుమాలిన దృశ్యం వచ్చిందని తల్లులు ఫిర్యాదు చేస్తున్నారు. యూట్యూబ్ ప్రీమియం 2024 ఆగస్టులో పెంచిన ధరల ప్రకారం ఒకరికి నెలకు 149, కుటుంబానికి 299 రూపాయలు. కుటుంబ ప్రణాళిక ఏడాదికి 3,588 అవుతుంది. ఇది చిన్న మొత్తం కాదు. ఇంట్లో నలుగురైదుగురు రోజూ చదువు కోసం, పారాయణం కోసం వాడుతుంటే ఆలోచించవచ్చు. వినోదానికే అయితే అనవసరం. పారాయణం వినడమే ఉద్దేశమైతే పైన చెప్పిన ఉచిత ఖుర్ఆన్ యాప్‌లలో సూరాలను దింపుకుంటే ప్రకటనా ఉండదు, డేటా ఖర్చూ ఉండదు.

మూడవది సంపాదించిపెట్టే పనిముట్టు. బిల్లులు రాసి, సరుకు నిల్వ చూపి, బాకీలు గుర్తుచేసే యాప్ దుకాణదారుకు నెలలో రెండు మరచిన బాకీలు రాబట్టిపెడితే దాని వెల అదే చెల్లించుకుంటుంది. కుట్టుమిషను కొన్నంత సహజంగా దాన్ని కొనవచ్చు. పనిముట్టు తన వెలకన్నా ఎక్కువ తెచ్చిపెట్టాలన్నది మన తాతలు నాగలి కొన్నప్పుడూ చూసుకున్న సూత్రమే.

దొంగచాటు యాప్‌లు

కొందరు యువకులు డబ్బు కట్టవలసిన యాప్‌ల తాళం పగలగొట్టిన రూపాలను టెలిగ్రామ్‌లో సంపాదించి పంచుకుంటున్నారు. ఖుర్ఆన్ యాప్‌నే ఇలా తెచ్చుకున్నవారు ఉన్నారని విన్నాము. ఇది పుణ్యకార్యపు చీర కట్టుకున్న దొంగతనం. ఇస్లామీ సహకార సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో జరిపిన 5వ సమావేశంలో 43వ తీర్మానం ద్వారా రచనా హక్కులు, ఆవిష్కరణ హక్కులు షరీఅత్ రక్షణ పొందిన హక్కులని, వాటిని అతిక్రమించడం తగదని స్పష్టం చేసింది. ధర్మం సంగతి అలా ఉంచినా, తాళం పగలగొట్టినవాడు లోపల ఏమి పెట్టి పంపాడో ఎవరికీ తెలియదు. బ్యాంకు ఖాతా ఉన్న ఫోనులో అపరిచితుడు వండిన కోడ్‌ను ఉంచుకోవడం ఇంటి తాళంచెవి దారిన పోయేవాడి చేతిలో పెట్టడమే.

డబ్బు పెట్టకూడనివి

పందెపు ఆటల యాప్‌ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దివ్య ఖుర్ఆన్ మద్యంతో పాటు జూదాన్ని నిషేధించింది. తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020లో, కేంద్రం 2025 ఆగస్టులో తెచ్చిన చట్టంతో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. పేరు రమ్మీ అయినా, క్రికెట్ జట్టు అయినా మారేది పేరొక్కటే.

అప్పు యాప్‌లు అంతకన్నా నిశ్శబ్దంగా ఇంట్లోకి వస్తాయి. రిజర్వు బ్యాంకు నియమించిన బృందం 2021 జనవరి, ఫిబ్రవరి నెలలలో పరిశీలించినప్పుడు సుమారు 1,100 అప్పు యాప్‌లు కనిపించాయి. వాటిలో 600 చట్టవిరుద్ధమైనవి. అవి వడ్డీతో పాటు ఫోనులోని పేర్లనూ ఫొటోలనూ గుంజుకుంటాయి. బాకీ ఆలస్యమైతే బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తాయి. ఈ వేధింపులకు తట్టుకోలేక మన రెండు రాష్ట్రాలలోనూ ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. ఎవరైనా ఈ వలలో చిక్కితే సిగ్గుతో దాచవద్దు. 1930 అనే సైబర్ నేరాల సహాయ సంఖ్యకు వెంటనే ఫోను చేయాలి, ఇంటి పెద్దలకు చెప్పాలి. పెద్దలు కూడా ముందు ప్రాణం కాపాడాలి. మందలింపు తరువాత.

కొనే ముందు, కొన్న తరువాత

మొదట యాప్ ఏ అనుమతులు అడుగుతున్నదో చూడాలి. నమాజు వేళల యాప్‌కు మన ఫోనులోని పేర్ల జాబితాతో పనిలేదు. ఊరి పేరు మనమే టైపు చేయగలిగినప్పుడు నిరంతరం మన చోటు తెలుసుకోవలసిన అవసరమూ దానికి లేదు.

తరువాత ఒప్పందం స్పష్టంగా చదవాలి. ఒకేసారి వెలా, నెలవారీ చందానా? వీలైతే ఒకేసారి వెల మేలు. “జీవితకాలం” అని రాసి ఉంటే అది ఆ యాప్ జీవితకాలమే కాని మనది కాదు. వెల, గడువు తెలియని బేరాన్ని మన ఫిఖ్ గరర్ అంటుంది. తెలిసీ చదవకుండా ఒప్పుకోవడం మన వైపు అజాగ్రత్త.

ఉచిత గడువు ముగిశాక డబ్బు దానంతట అదే పోతుంది. యూపీఐ ఆటోపే 2020 జులైలో వచ్చింది. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, డబ్బు తీసుకునేందుకు 24 గంటల ముందు సందేశం రావాలి. ఆ సందేశాన్ని చదవకుండా తుడిచేయవద్దు. ఒక కుటుంబంలో 99, 149, 199 రూపాయల చందాలు మూడు నెలనెలా పోతున్నాయనుకుందాం. నెలకు 447, ఏడాదికి 5,364. చిన్న అంకెలు విడివిడిగా నొప్పి తెలియనివ్వవు.

యాప్‌ను తుడిచివేస్తే చందా ఆగదు. ఇది చాలామందికి తెలియదు. ప్లే స్టోర్‌లో మన బొమ్మ మీద నొక్కి, చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్‌ల భాగంలోకి వెళ్ళి రద్దు చేయాలి. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా కూడా చూడాలి. కొన్న యాప్ పనికిరాదని తోస్తే 48 గంటలలోగా ప్లే స్టోర్‌లోనే సొమ్ము వాపసు అడగవచ్చు. ఇంట్లో ఒకరు వెల పెట్టి కొన్న యాప్‌ను ఫ్యామిలీ లైబ్రరీ ద్వారా, తయారీదారు అనుమతించి ఉంటే, మరో ఐదుగురు ఉచితంగా వాడుకోవచ్చు. ఒకే యాప్‌ను అన్న, చెల్లెలు, తండ్రి విడివిడిగా కొనే అవసరం చాలాసార్లు ఉండదు.

సంపద ఎక్కడ నుంచి వచ్చింది, దేనికి వెచ్చించాము అన్న రెండింటికీ జవాబు చెప్పవలసి ఉంటుందని విశ్వసించేవారం మనం. ఆ జవాబులో ఫోను ఖర్చు కూడా ఉంటుంది. కనుక షాబాన్ నెలలో ఒక సాయంత్రం, మగ్రిబ్ తరువాత ఇంటిల్లిపాదీ కూర్చోండి. అందరి ఫోనులూ ముందు పెట్టండి. ఊరు, పద్ధతి, అస్ర్ అమరికలు మస్జిదు పట్టికతో సరిచూడండి. చందాల జాబితా తెరిచి, గత నెలలో ఎవరూ వాడనివి రద్దు చేయండి. ఇంట్లో హిఫ్జ్ చేసే పిల్లవాడు ఉంటే అలా మిగిలిన సొమ్ముతో వాడికి పనికివచ్చేది కొనండి. లేకుంటే ఆ డబ్బును పొరుగింటి ఇఫ్తార్‌కు చేర్చండి.